మెడలో వేలాడేదా, జేబులో ఇమిడేదా?

2003 ఆగస్టులో కెనాన్ సంస్థ ఈఓఎస్ 300డీ అనే కెమెరాను ప్రకటించింది. లెన్స్ లేకుండా దాని ధర 899 డాలర్లు. లెన్సులు మార్చుకోగల డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ వెయ్యి డాలర్ల లోపున దొరకడం అదే ప్రథమం. కొద్ది నెలలకే నికాన్ కూడా డీ70తో బరిలోకి దిగింది. అంతవరకు వార్తాసంస్థల, పెద్ద పత్రికల ఫొటో విభాగాల సొత్తుగా ఉన్న పరికరం మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. అప్పటికే జేబులో పట్టే కాంపాక్ట్ డిజిటల్ కెమెరాలు దుకాణాల అద్దాల వెనుక వరుసలు తీరి ఉన్నాయి. ఆ తర్వాతి ఏడెనిమిదేళ్లు కెమెరా కొనదలచిన ప్రతివారినీ ఒకే ప్రశ్న వేధించింది: ప్రారంభస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా, కాంపాక్ట్‌తో సరిపెట్టుకోవాలా?

దుకాణదారులు దీనికి మెగాపిక్సెళ్ల లెక్క చెప్పేవారు. ఉన్న జవాబులన్నిటిలో పనికిరానిది అదే. రాజకీయాలను చిత్రించేవారికి ఈ ప్రశ్న బరువే వేరు. పెద్ద కెమెరా మెడలో వేసుకున్నవాడిని ఎక్కడ నిలబెట్టాలో అధికారానికి తెలుసు. అతనికి ఒక పాస్ ఉంటుంది, ఒక తాడు ఉంటుంది, తాడు ఇవతల ఒక జాగా ఉంటుంది. చిన్న కెమెరా జేబులో ఉన్నవాడు ఫొటోలు తీయబోతున్నాడన్న సంగతే తీసేదాకా తెలియదు. కెమెరా పరిమాణాన్ని బట్టి మనిషి నిలబడే చోటు మారిపోవడం ఉపఖండంలో డిజిటల్ యుగంతో మొదలైన వ్యవహారం కాదు. దానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మొదట ఉన్నవన్నీ పెద్ద కెమెరాలే. ముక్కాలిపీట, నల్లగుడ్డ, గాజు ప్లేట్ల పెట్టె, వాటిని మోసేందుకు కూలీలు. అంత సరంజామాను కదిలించగలిగింది సర్కారు, సైన్యం, సంస్థానాలు మాత్రమే. 1876-78 నాటి మహాక్షామాన్ని, రాయలసీమ జనం తరతరాలుగా ధాత కరువు అని తలచుకునే ఆ విపత్తును, మద్రాసు రాష్ట్రంలో చిత్రించినవాడు విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. ఎముకల గూళ్లలా మిగిలిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఆ చిత్రాలు చూస్తే కెమెరా అక్కడికి ఎవరి పక్షాన వచ్చిందో అడగనక్కర్లేదు. కూర్చోమన్నవాడు దొర. కూర్చున్నవాడికి కాదనే ఓపిక కూడా లేదు. అన్నం పెట్టకుండా బొమ్మలు తీశాడన్న నింద అప్పట్లోనే హూపర్‌ను వెంటాడింది.

అదే హూపర్ 1886 జనవరిలో, బ్రిటిష్ సేనలు అప్పుడే ఆక్రమించిన మాండలేలో కనిపిస్తాడు. బందీలను తుపాకులతో కాల్చి చంపుతుండగా అతడు కెమెరా నిలిపాడు. తూటా తగిలే క్షణమే ప్లేటు మీద పడేలా కాల్పుల ఆజ్ఞను, లెన్స్ మూత తీసే క్షణాన్ని సరిపెట్టాడన్న ఆరోపణ లండన్ దాకా వెళ్లింది. విచారణ జరిగింది. మందలింపుతో ముగిసింది. మరణశిక్ష అమలు చేయించే అధికారి, ఫొటో తీసే మనిషి ఒక్కరే అయినప్పుడు పాస్ ఎవరివ్వాలి, తాడు ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్నలు తలెత్తవు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం కొలువులో పేరు గడించిన రాజా దీన్ దయాళ్‌ది సున్నితమైన చేయి, హూపర్‌తో పోల్చదగినవాడు కాదు. అయినా ఆయన పెద్ద కెమెరా కూడా కొలువు తీరినప్పుడే తెరుచుకునేది.

ఈ లెక్కను తారుమారు చేసినవి రెండు జర్మన్ యంత్రాలు. 1925లో సినిమా ఫిల్మును వాడుకునే లైకా వచ్చింది. కోటు జేబులో పట్టే ఆ పెట్టెతో ఒక చుట్టలో 36 చిత్రాలు తీయవచ్చు. 1929లో రోలీఫ్లెక్స్ వచ్చింది. దాన్ని కంటికి ఆనించనక్కర్లేదు. నడుము దగ్గర పట్టుకుని తలవంచి పైగాజులోకి చూస్తే చాలు. ఎదుటివాడి ముఖం మీదికి యంత్రం ఎక్కుపెట్టినట్టు ఉండదు. అమెరికన్ పత్రికల వాడుకలో మాత్రం స్పీడ్ గ్రాఫిక్ అనే భారీ పెట్టె రాజ్యమేలింది. ఒక్కో చిత్రానికి ఒక్కో ఫిల్ము పలక, చీకట్లో ఒక్కో చిత్రానికి ఒక్కో ఫ్లాష్ బల్బు. బల్బు వెలిగితే గది గదంతా ఉలిక్కిపడుతుంది.

ఈ తేడాను అందరికన్నా ముందుగా, అందరికన్నా స్పష్టంగా గ్రహించినవాడు ఫొటోగ్రాఫర్ కాదు, గాంధీ. ఆశ్రమంలో ఆయన మనవడి వరుస యువకుడు కనూ గాంధీ ఫొటోలు తీస్తానంటే మూడు షరతులు పెట్టారు: ఫ్లాష్ వాడకూడదు, తనను ఫలానా విధంగా కూర్చోమని అడగకూడదు, ఆశ్రమం పైకం ఇవ్వదు. ఘనశ్యాందాస్ బిర్లా ఇచ్చిన 100 రూపాయలతో కనూ రోలీఫ్లెక్స్ కొనుక్కున్నాడు. గాంధీని అత్యంత దగ్గరి నుంచి, ఆయన మరిచిపోయి ఉన్న క్షణాల్లో పట్టుకున్న చిత్రాలు ఆ షరతుల ఫలితమే. ఇంత మంచి ఫొటో సంపాదకత్వం ఈ దేశంలో మరెవరూ చేయలేదేమో!

1946లో లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బోర్క్-వైట్ పూణేకు వచ్చినప్పుడు ముందు రాట్నం వడకడం నేర్చుకుని రమ్మన్నారు. తర్వాత మూడంటే మూడు ఫ్లాష్ బల్బులకు అనుమతి ఇచ్చారు. ఆమె స్వయంగా రాసుకున్న కథనం ప్రకారం మొదటి రెండు ప్రయత్నాలూ వృథా అయ్యాయి. మూడో బల్బుకు దక్కిందే రాట్నం వెనుక కూర్చుని కాగితాలు చదువుకుంటున్న గాంధీ చిత్రం. అంటే లోకమంతా ఎరిగిన ఆ చిత్రం ఒకే ఒక్క బల్బు మీద ఆధారపడి బతికింది.

1948 జనవరి 30 సాయంత్రం బిర్లా భవన్‌లో ఈ రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలిచాయి. హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ ఆ మధ్యాహ్నమే గాంధీని కలిసి తన చిత్రాల పుస్తకం చూపించి వెళ్లాడు. హత్య వార్త తెలియగానే వెనక్కి పరుగెత్తాడు. లైకా, ఉన్న వెలుతురు, అంతే. బోర్క్-వైట్ కూడా భౌతికకాయం ఉంచిన గదిలోకి వెళ్లింది. ఫ్లాష్ వెలిగించడంతో అక్కడి వారు ఆగ్రహించి ఆమెను బయటికి పంపేశారని, ఆ ఫిల్ము ఆమెకు దక్కలేదని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. ఇద్దరూ గొప్పవారే. ఒకరి చేతిలోని పరికరం శోకంలో కలిసిపోయింది, మరొకరిది శోకాన్ని చీల్చుకుని వెళ్లింది.

ఆ సాయంత్రం అక్కడ ఉండవలసిన మూడో మనిషి హోమాయ్ వ్యారావాలా. 1913లో నవ్‌సారీలో పుట్టి, 1942 నుంచి ఢిల్లీలో బ్రిటిష్ సమాచార విభాగానికి పనిచేసిన భారతదేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్. ఆ రోజు బిర్లా భవన్‌కు బయలుదేరబోతుంటే, రేపు ఇద్దరం కలిసి వెళదామని భర్త ఆపాడు. ఆ రేపు రాలేదు. ఆమె జీవితాంతం చెప్పుకున్న బాధ అది. కానీ ఆమె తీసినవాటితో పోలిస్తే తీయలేకపోయింది స్వల్పమే. 1947 జూన్‌లో దేశవిభజన ప్రణాళికకు అనుకూలంగా కాంగ్రెస్ నాయకులు చేతులెత్తిన దృశ్యం, ఎర్రకోట మీద ఎగిరిన మొదటి జెండా, మౌంట్‌బాటెన్ వీడ్కోలు, గాంధీ అంత్యక్రియలు అన్నీ ఆమె కెమెరాలోంచి వచ్చినవే. చీరకట్టుతో, సైకిల్ మీద, స్పీడ్ గ్రాఫిక్ భుజాన వేసుకుని ఆమె ఢిల్లీ అంతా తిరిగింది. రోలీఫ్లెక్స్ కూడా వాడింది. అధికారిక వేడుకలకు పెద్దది, నెహ్రూ ఏమరుపాటుకు చిన్నది అని గీత గీయడం అతిశయోక్తే అవుతుంది గానీ, రెంటి మధ్య ఆమె చేసిన ఎంపికలు ఇప్పటి విద్యార్థులు శ్రద్ధగా చదవవలసిన పాఠం. ఫొటోలు తీయడం ఖచ్చితంగా నిషిద్ధం అన్న బోర్డు పక్కన నిలబడిన నెహ్రూ చిత్రం కూడా ఆమెదే. ఆ ప్రధాని దాన్ని చూసి నవ్వుకునే రకం. అలా నవ్వుకోని రకం పాలకుల కాలం రాకముందే, 1970లో, ఆమె కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వస్తున్న ఫొటోగ్రాఫర్ల ప్రవర్తన తనకు నచ్చలేదని చెప్పింది.

లైసెన్సుల యుగంలో సామాన్యుడికి ఈ ఎంపిక లేనే లేదు. విదేశీ కెమెరా అంటే దిగుమతి సుంకం, లేదా గల్ఫ్ నుంచి వచ్చే బంధువు. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ ఫిల్ము చుట్టలు అందించేది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 పెళ్లిళ్లలో, విహారయాత్రల్లో తిరిగింది. ఎనభైల్లో హాట్‌షాట్ అనే ప్లాస్టిక్ కెమెరా ‘ఖటాక్’ అనే ప్రకటనతో ఇంటింటికీ చేరింది. రాజకీయాలను ఆ కెమెరాలతో ఎవరూ చిత్రించలేదు. సభలో వేదిక ముందు నిలబడేది పత్రికల వారు, స్థానిక స్టూడియో యజమానులు.

అందుకే 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూర్‌లో దొరికిన కెమెరా ఒక మలుపు. రాజీవ్ గాంధీని బలిగొన్న పేలుడులో హరిబాబు అనే యువ ఫొటోగ్రాఫర్ కూడా మరణించాడు. అతని దగ్గరున్న చైనాన్ కెమెరా మాత్రం చెక్కుచెదరలేదు. అందులో పది ఫ్రేములు. పూలమాల పట్టుకుని ఎదురుచూస్తున్న యువతి, తెల్లని కుర్తా-పైజామా వేసుకుని చేతిలో నోట్ పుస్తకంతో విలేకరిలా నిలబడిన వ్యక్తి, చివరికి పేలుడు క్షణం. ఆ వ్యక్తే శివరాసన్. ఫొటోగ్రాఫర్ కుట్రదారుల తరఫునే వచ్చాడని దర్యాప్తులో తేలింది. దాడిని తమ కోసం నమోదు చేసుకోవాలని వారు తెచ్చుకున్న కెమెరాయే వారిని పట్టించింది. భద్రత లోపించిన ఆ రాత్రి, చేతిలో నోట్ పుస్తకం ఉన్నవాడిని విలేకరి అని, కెమెరా ఉన్నవాడిని ఫొటోగ్రాఫర్ అని నమ్మేశారు. దేశంలో సభల వద్ద మీడియా పాసుల తనిఖీ, బారికేడ్ల దూరం కఠినమైంది ఆ తర్వాతే. తాడు వెనక్కి జరిగింది. తాడు వెనక్కి జరిగిన కొద్దీ లెన్స్ పొడవు కావలసి వచ్చింది.

డిజిటల్ కాలంలో ఎదురైన ప్రశ్న ఈ నేపథ్యంలోకి వచ్చి పడింది. యంత్రాల సంగతి కొంత చెప్పుకోవాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌లోంచి వచ్చే వెలుతురును ఒక అద్దం కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, వెనుకనున్న సెన్సర్ మీద దృశ్యం పడుతుంది. ఈఓఎస్ 300డీలో ఆ సెన్సర్ కొలత 22.7, 15.1 మిల్లీమీటర్లు. ఆనాటి సాధారణ కాంపాక్ట్‌లో సుమారు 5.8, 4.3 మిల్లీమీటర్లు. వైశాల్యంలో తేడా 13 రెట్లకు పైమాటే. రెండింటి మీదా ఆరు మెగాపిక్సెళ్లని రాసి ఉన్నా, వెలుతురు పట్టే దోసిలి మాత్రం ఒకటి కాదు. సూర్యాస్తమయం తర్వాత జరిగే బహిరంగ సభలో, ట్యూబ్‌లైట్ల కింద జరిగే పార్టీ కార్యవర్గ సమావేశంలో కాంపాక్ట్ చిత్రం గరుకుతేలిపోయేది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది జాప్యం. ఆ రోజుల్లో కాంపాక్ట్ మీట నొక్కాక దృష్టి కుదుర్చుకుని చిత్రం తీసేసరికి అర సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టేది. రాజకీయంలో అర సెకను చాలా ఎక్కువ. మెడలో పడుతున్న దండ వీపు మీదికి జారిపోతుంది. అసమ్మతి నాయకుడి ముఖంలో మెరిసిన విసుగు మాయమై చిరునవ్వు వచ్చేస్తుంది. మండలాల్లో పనిచేసే గ్రామీణ విలేకరులు, వార్తకు ఇంత అని లెక్కగట్టే పారితోషికంతో బతికేవారు, సొంత డబ్బుతో కొనుక్కున్నది మాత్రం కాంపాక్టే. జిల్లా పేజీలకు ఫొటోలు వెల్లువెత్తింది దాని వల్లనే. అందులో చాలాభాగం అందరూ కెమెరా వైపే చూస్తూ నిలబడిన ఫొటోలు కావడానికి అభిరుచి లోపం ఒక్కటే కారణం కాదు. ఆలస్యంగా స్పందించే కెమెరాతో నిలబెట్టి తీయడమే దారి.

కానీ తాడు దాటి లోపలికి వెళ్లాలంటే చిన్నదే కావాలి. 2001 మార్చి 13న తెహల్కా బయటపెట్టిన దృశ్యాలు దీనికి తిరుగులేని సాక్ష్యం. నకిలీ ఆయుధ వ్యాపారులుగా వెళ్లిన విలేకరుల దాపుడు కెమెరా ముందు బీజేపీ జాతీయ అధ్యక్షుడు, హైదరాబాదీ, ఆ పార్టీ పగ్గాలు చేపట్టిన తొలి దళిత నేత బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు అందుకున్నారు. పదవి పోయింది. రక్షణమంత్రి జార్జి ఫెర్నాండెజ్ కూడా రాజీనామా చేయవలసి వచ్చింది. 2012 ఏప్రిల్‌లో లక్ష్మణ్‌కు న్యాయస్థానం నాలుగేళ్ల జైలుశిక్ష విధించింది. 2005 డిసెంబర్‌లో ప్రశ్నలడగడానికి ముడుపులు తీసుకుంటూ దొరికిన 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది కూడా అలాంటి కెమెరా దృశ్యాల ఆధారంగానే. సుప్రీంకోర్టు 2007 జనవరిలో ఆ బహిష్కరణను సమర్థించింది. ఇవి వీడియో పరికరాలు, ఫొటో కాంపాక్టులు కావన్న అభ్యంతరం సాంకేతికంగా సరైనదే. పనిచేసిన సూత్రం మాత్రం ఒకటే. బొమ్మ ఎంత మసకగా ఉన్నా, నోట్ల కట్ట నోట్ల కట్టలా కనిపిస్తే చాలు. అయితే అనుమతి అడగని కెమెరాకు నియమమూ ఉండదు. తెహల్కా విలేకరులు ఎర వేసిన తీరు మీద వచ్చిన విమర్శల్లో బలం ఉంది. ఎర వేసి పట్టిన చేపను చూపి చెరువంతా ఇలాంటి చేపలేనని చెప్పడం పత్రికా రచనకు ఎంతవరకు తగును?

డీఎస్‌ఎల్‌ఆర్ పక్షాన నిలిచే సాక్ష్యం 2008 నవంబర్ 26న వచ్చింది. ముంబై మిర్రర్ ఫొటో ఎడిటర్ సెబాస్టియన్ డిసౌజా కాల్పుల శబ్దం విని, నికాన్ కెమెరా, రెండు లెన్సులు పట్టుకుని ఎదురుగా ఉన్న ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లోకి పరుగెత్తాడు. నిలిచి ఉన్న రైలు పెట్టెల్లో దాక్కుంటూ, స్టేషన్ దీపాల వెలుతురులోనే, చేతిలో రైఫిల్‌తో నడుస్తున్న కసబ్‌ను చిత్రించాడు. ఫ్లాష్ వెలిగి ఉంటే ఫొటోగ్రాఫర్ మిగిలేవాడు కాదు. చిన్న సెన్సర్‌తో ఆ దూరం నుంచి ఆ వెలుతురులో ముఖం గుర్తుపట్టేలా వచ్చేదీ కాదు. తర్వాత ఆయన న్యాయస్థానంలో సాక్షిగా నిలబడి చెప్పాడు.

డిజిటల్ కెమెరాల సరఫరా 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లు దాటి శిఖరానికి చేరింది. 2020 నాటికి 90 లక్షల లోపుకు పడిపోయింది. కాంపాక్ట్‌ను ఫోన్ మింగేసింది. ప్రారంభస్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ పెళ్లి వీడియోల దాకా వెళ్లి అక్కడే ఆగింది. తాడు మాత్రం ఉంది. 2014 తర్వాత ప్రధాని విదేశీ యాత్రల విమానంలో ప్రైవేటు పత్రికల వారిని తీసుకువెళ్లే సంప్రదాయం ఆగిపోయింది. 2024 జులైలో పార్లమెంటు ప్రాంగణంలో విలేకరులను, కెమెరాలను ఒక గాజు గదికి పరిమితం చేసినప్పుడు సభలోనే నిరసన వ్యక్తమైంది. పత్రికలకు చేరే చిత్రాల్లో అధికారిక విడుదలల వాటా పెరుగుతోంది. అవి సాంకేతికంగా నిర్దోషమైనవి. వాటిలో ఎవరి ముఖం మీదా విసుగు కనిపించదు.

రెండు రకాల కెమెరాలూ ఒకే వీధిలో, ఒకే నిమిషంలో పనిచేసిన సందర్భం ఒకటుంది. హూపర్ మాండలేలో కెమెరా నిలిపిన దేశమే. 2007 సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు మయన్మార్ సైనిక పాలకులపై తిరగబడ్డారు. ఆ వీధి దృశ్యాలను బయటి ప్రపంచానికి చేర్చినవారిలో చాలామంది డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా తరఫున చిన్న చేతి కెమెరాలను సంచుల్లో దాచుకుని తిరిగిన అనామకులు. సెప్టెంబర్ 27న యాంగోన్‌లో సూలే పగోడా సమీపంలో సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. లాహోర్‌లో పుట్టిన రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ అద్రీస్ లతీఫ్ పాదచారుల వంతెన మీద నిలబడి ఉన్నాడు. కింద, జనం మధ్య, జపాన్ పాత్రికేయుడు కెంజీ నగాయ్ చిన్న వీడియో కెమెరాతో ఉన్నాడు. లతీఫ్ చిత్రంలో నగాయ్ రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంటాడు, పైన రైఫిల్‌తో సైనికుడు, పడిపోయినవాడి కుడిచేయి మాత్రం కెమెరాను పైకెత్తి పట్టుకునే ఉంటుంది. పైనుంచి, దూరంనుంచి తీసిన ఆ ఒక్క ఫొటో లేకపోతే పొరపాటున తగిలిన తూటా అన్న సైనిక ప్రభుత్వ వాదన చెల్లిపోయేదే. దానికి 2008లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

నగాయ్ చేతిలోని కెమెరా ఆనాడే మాయమైంది. జపాన్ ఎన్నిసార్లు అడిగినా సైన్యం తిరిగి ఇవ్వలేదు. 2023 ఏప్రిల్‌లో, డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా వారు బ్యాంకాక్‌లో దాన్ని ఆయన సోదరికి అప్పగించారు. టేపు లోపలే ఉంది. అందులో భిక్షువుల ప్రార్థనలు, వీధి నిండా జనం, సైనికుల లారీలు వచ్చి ఆగడం, ఒకచోట కెమెరాను తనవైపు తిప్పుకుని పరిస్థితి వివరిస్తున్న నగాయ్ ఉన్నారు. కాల్పులకు ముందే దృశ్యం ఆగిపోయింది.